పలుకు బంగారమైన చోట: బాలమురళి పాటను మళ్ళీ విన్నాక

(హోసూరు ప్రాంత తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సరిహద్దు బడులలో తెలుగు చదువు గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పంతులుగా పనిచేసినవాణ్ణి కనుక ఆ కోరిక సహజమే. అయితే ఆ మాటలు ఇప్పటికే చాలామార్లు చెప్పాను, మీరూ విన్నారు. ఈసారి పాటల మీదుగా అక్కడికి వస్తానని వారిని ఒప్పించాను. భాషోద్యమ సభలో సంగీతమేమిటని ఎవరికైనా అనిపిస్తే, చివరిదాకా ఓపిక పట్టమని మనవి.

మా ఇంటి అటక మీద ఒక రేకు పెట్టె ఉంది. అందులో అరవైకి పైగా క్యాసెట్లు ఉన్నాయి. సగం 1980వ దశకంలో జీతం డబ్బుతో కొన్నవి. తక్కినవి సంగీతాభిమానులైన మిత్రులు కచేరీలలో ముందు వరుసన కూర్చొని, చిన్న టేప్ రికార్డరు ఒళ్ళో పెట్టుకొని పట్టినవి. దాదాపు అన్నీ మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారివే. ఇరవై ఏళ్ళుగా ఆ పెట్టె మూత తీయలేదు. మొన్న వేసవిలో మనుమరాలు శెలవులకు వచ్చి దాన్ని కిందికి దింపించింది. జారిన టేపును పెన్సిలు దూర్చి చుట్టుకొని, పాత యంత్రం తలను దూది, స్పిరిటుతో తుడిచి, ఇద్దరం నెల రోజులు విన్నాం. ఆ నెల రోజులలో నేను తెలుసుకొన్నదే ఈ ప్రసంగం.

ముందుగా ఆయన ఎవరో పిల్లల కోసం నాలుగు మాటలు చెప్పాలి. 1930 జూలై 6న, ఆనాటి మద్రాసు రాజధానిలోని తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టారు. తండ్రి పట్టాభిరామయ్య గారు సంగీత విద్వాంసులు. తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ వాయించేవారు. బిడ్డ పసిగుడ్డుగా ఉండగానే కన్నుమూశారు. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి వద్ద శిక్షణ పొంది, ఎనిమిదేళ్ళ ప్రాయంలోనే కచేరీ చేశారు. బాల్యంలోనే చేరిన ‘బాల’ అన్న మాట 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూసేదాకా ఆయన పేరును వదలలేదు.

ఆయన గురుపరంపరను ఒకసారి గమనించండి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి. ఆయన శిష్యులు మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారు. వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు. వారి శిష్యులు పారుపల్లి పంతులు గారు. వారి శిష్యులు బాలమురళి. కావేరీ తీరంలో పుట్టిన తెలుగు పాట శాస్త్రి గారితో కృష్ణాతీరానికి చేరింది, బాలమురళితో మళ్ళీ తమిళనాటికి వచ్చి చెన్నైలో స్థిరపడింది. ఇది ఎవరో ఎక్కడినుంచో వచ్చి తలదాచుకొన్న కథ కాదు. తెలుగు పాటకు తంజావూరూ పుట్టిల్లే, విజయవాడా పుట్టిల్లే. మనల్ని ‘ప్రవాసులు’ అనేవారికి నేనిచ్చే మొదటి జవాబు ఈ పరంపర.

బాలమురళి ఎనభై ఏళ్ళ సంగీత జీవితంలో నేను మాట్లాడదలచింది నడిమి కాలం గురించి. ఇంచుమించు 1965 నుండి 1990 వరకు. మొదటి దశలోని బాల మేధావిని అందరూ పొగిడారు. యౌవనారంభంలోనే 72 మేళకర్త రాగాలలోనూ కృతులు రచించి ‘జనకరాగ కృతి మంజరి’గా వెలువరించిన ఘనత అప్పటిది. చివరి దశలోని వృద్ధ గాయకుణ్ణి అందరూ సన్మానించారు. నడిమి కాలంలో మాత్రం ఆయనను ప్రేమించినవారూ ఉన్నారు, తగవు పడినవారూ ఉన్నారు. రికార్డులు అత్యధికంగా ఇల్లిల్లూ చేరింది కూడా అప్పుడే. నల్లని 78 పళ్ళెం ఒక వైపుకు మూడు నాలుగు నిమిషాలే పాడేది. ఎల్పీ రికార్డు వచ్చాక అది ఇరవై నిమిషాలు దాటింది. క్యాసెట్టు వచ్చాక గంట, గంటన్నర పాట చొక్కా జేబులో ఇమిడింది. ఆ మార్పుకు సరిగ్గా తగిన గాయకుడు ఆయన.

మా పెట్టెలోని క్యాసెట్లు రెండు రకాలని చెప్పాను. స్టూడియోలో పాడినవి మొదటి రకం. భద్రాచల రామదాసు కీర్తనలు, అన్నమయ్య పదాలు, నారాయణతీర్థుల తరంగాలు, జయదేవుని అష్టపదులు, సదాశివ బ్రహ్మేంద్రుల కీర్తనలు. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిలో తెల్లవారుజామున వినిపించిన పాటలకు ఇవి తోబుట్టువులు. ఆ రోజుల్లో మా ఊళ్ళో రేడియో ముల్లును అటూ ఇటూ కదిపి, గరగర శబ్దాల నడుమ కడపనో విజయవాడనో పట్టుకొనేవాళ్ళం. తెలుగు పత్రిక రాని ఊరికి తెలుగు వచ్చిన దారి అదే.

ఈ భక్తి గీతాలను అప్పట్లో సంగీతజ్ఞులు కొందరు తేలిక చేసి మాట్లాడారు. నేనూ కచేరీ క్యాసెట్లనే గొప్పగా చెప్పుకొని, వీటిని ఇంట్లో ఆడవారికీ పిల్లలకూ వదిలేశాను. ఇప్పుడు విన్నప్పుడు నా పొరపాటు తెలిసింది. రామదాసు కీర్తనలను ఆయన పాడిన తీరులో మొదట చెవికి తగిలేది రాగం కాదు, మాట. ఒత్తక్షరం ఒత్తుగా ఉంటుంది. దీర్ఘం దీర్ఘంగానే ఉంటుంది. తాళం కోసం హ్రస్వాన్ని సాగదీయవలసి వచ్చినా, మాట ఎక్కడ ముగిసిందో వినేవారికి తెలిసేటట్లు చిన్న ఊపిరి తీసుకొంటారు. సమాసాన్ని నడిమికి విరవరు. వ్యాకరణ పుస్తకం ముట్టని రైతు కూడా ఆ పాట విని అర్థం చేసుకోగలడు. పంతులుగా నేను ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద చెప్పిన పదవిభాగాన్ని ఆయన పాటలోనే చెప్పారు.

రెండవ రకం కచేరీలలో పట్టినవి. వీటిలో దగ్గులున్నాయి, కుర్చీల చప్పుళ్ళున్నాయి, పసిపిల్లల ఏడ్పులున్నాయి. కొన్నిటిలో మైకు కంటె పట్టినవారి పక్కనున్న పెద్దమనిషి తాళమే గట్టిగా వినిపిస్తుంది. అయినా బాలమురళిలోని వాగ్గేయకారుడు, అంటే మాటనూ పాటనూ తానే కూర్చేవాడు, నాకు ఎక్కువగా కనిపించింది ఇక్కడే. స్టూడియోలో పూర్వుల పాటలకు పీట వేసిన ఆయన, సభలో తన రచనలను వారి రచనల పక్కన నిలబెట్టి పాడారు. వర్ణాలు, కృతులు, చివర తిల్లానాలు. బృందావని, కథనకుతూహలం వంటి రాగాలలో ఆయన చేసిన తిల్లానాలు నేటికీ గాయకులు పాడుతున్నారు, నర్తకులు ఆడుతున్నారు. ఆయన రచనలు నాలుగు వందలకు పైబడి ఉన్నాయి. తెలుగులోనే కాక సంస్కృతంలోనూ తమిళంలోనూ రచించారు.

మూడు నాలుగు స్వరాలతోనే ఆయన రాగాలను కల్పించారు. మహతిలో షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం, నాలుగే స్వరాలు. లవంగిలోనూ నాలుగే, సుముఖంలోనూ నాలుగే. సర్వశ్రీ రాగంలో షడ్జమం, శుద్ధ మధ్యమం, పంచమం, మూడే స్వరాలు. రాగమనిపించుకోవడానికి కనీసం అయిదు స్వరాలుండాలని సంప్రదాయవాదులు ఆక్షేపించారు. వీణ ఎస్. బాలచందర్ గారు గట్టిగా ఎదిరించారు. ఆ వాదంలో ఎవరిది ఒప్పో తీర్పు చెప్పే పాండిత్యం నాకు లేదు. అయితే 1975లో వచ్చిన ‘అపూర్వ రాగంగళ్’ తమిళ చిత్రంలో ఎం.ఎస్. విశ్వనాథన్ గారు మహతి రాగంతో ఒక పాటను ఎత్తుకొంటే, శాస్త్రచర్చ తెలియని జనం కూడా దాన్ని పాడుకొన్నారు. మూడు స్వరాల మీద ఒక రాగం నిలబడగలిగినప్పుడు, ముప్పై ఇళ్ళ ఊళ్ళో ఒక భాష నిలబడలేదని మనకు మనమే ఎందుకు తీర్పు చెప్పుకోవాలి?

అభిమానంతో అన్నీ మెచ్చుకొంటున్నానని అనుకోవద్దు. కొన్ని కచేరీ క్యాసెట్లలో గొంతు విన్యాసం పాటను మించిపోయిందని ఇప్పుడు నాకు అనిపించింది. మంద్రస్థాయి అడుగుకు దిగి, ఒక్క ఊపున తారస్థాయికి లేచినప్పుడు సభ చప్పట్లతో మారుమోగుతుంది. ఆ చప్పట్లలో సాహిత్యం ఒకటి రెండు చోట్ల కొట్టుకొనిపోయింది. యౌవనంలో నేను క్యాసెట్టును వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ విన్న ఘట్టాలు అవే. ఈ వయసులో నేను వెనక్కి తిప్పి విన్నది మాత్రం, ఒకే పాదాన్ని పదిసార్లు పది రకాలుగా పలికి, ప్రతిసారీ ఆ మాటకు కొత్త అర్థం తోపింపజేసిన నెరవులను. వాటి కోసం మిగతావన్నీ క్షమించవచ్చు.

ఇక ఆయనకు ఇతర భాషలతో ఉన్న అనుబంధం. 1965 నాటి ‘తిరువిళైయాడల్’ తమిళ చిత్రంలో ఆయన పాడిన పాటను తమిళులు నేటికీ మరువలేదు. 1977లో ‘కవిక్కుయిల్’లో పాడిన పాటా అంతే. 1975 నాటి ‘హంసగీతె’ కన్నడ చిత్రంలో పాడినందుకు ఉత్తమ నేపథ్య గాయకుడిగా జాతీయ పురస్కారం వచ్చింది. 1986 నాటి ‘మధ్వాచార్య’ కన్నడ చిత్రం సంగీత దర్శకుడిగా మరొక జాతీయ పురస్కారం తెచ్చిపెట్టింది. తెలుగులో 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’లో నారదుడుగా నటించారు కూడా. చెన్నైలో ఉండి, తమిళంలో పాడి, కన్నడానికి పురస్కారం అందుకొని, తెలుగులో రచనలు చేస్తూనే ఉన్నారు. పక్క భాషను గౌరవిస్తే సొంత భాష తరిగిపోతుందన్న భయం ఆయనకు లేదు. మనకూ ఉండనక్కరలేదు.

తమిళుల పట్టుదలను ఇక్కడ తలచుకోవాలి. తమ సభలలో తెలుగు, సంస్కృత కృతులే పాడుతున్నారని, తమ భాషలోని పాటకు చోటు దక్కడం లేదని 1940వ దశకంలో వారు ఉద్యమించారు. రాజా సర్ అణ్ణామలై చెట్టియార్ గారి పూనికతో 1943లో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. దాన్ని తెలుగుకు ద్రోహంగా చెప్పేవారిని నేను విన్నాను. అది సరి కాదు. అర్థం కాని పాటకు తల ఊపుతూ కూర్చోవడం చాలదని ఒక జాతి గ్రహించింది; తన పాటలను వెదికి, స్వరపరచి, పాడించుకొంది. మనం నేర్చుకోవలసింది ఆ పట్టుదలే. ఎందుకంటే ఇప్పుడు అర్థం కాని పాటకు తల ఊపుతున్నది మన పిల్లలు. అదీ తెలుగు పాటకు.

ఇప్పుడు మనుమరాలి దగ్గరికి వస్తాను. ఆమెకు పదకొండేళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బడిలో తమిళం, ఆంగ్లం చదువుతుంది, వీధి చివర ఒక టీచరు వద్ద సంగీతం నేర్చుకొంటుంది. ఒక సాయంత్రం రామదాసు కీర్తన పాడింది. ఎంత పిలిచినా పలకని రామునితో, నీకు మాట బంగారమైపోయిందా అని భక్తుడు నిష్ఠూరమాడే కీర్తన అది. ఆనందభైరవి రాగంలో బాలమురళి పాడగా ఊరూవాడా పాకినది. పిల్ల శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. కానీ ‘బంగారం’ అనవలసిన చోట ‘పంగారం’ అంది. దిద్దాను. మళ్ళీ అదే. “పుస్తకంలో అలాగే ఉంది తాతా!” అని తెచ్చి చూపింది.

పాట తమిళ లిపిలో రాసి ఉంది. తమిళ లిపిలో ప, ఫ, బ, భ అనే నాలుగు ధ్వనులకూ ఒకటే అక్షరం. క వర్గానికీ, ట, త వర్గాలకూ అంతే. తమిళానికి అది లోపం కాదు, ఆ భాష తీరుకు అది చక్కగా అమరింది. ఆ ధ్వని మాట నడుమ వస్తే వారు సహజంగానే సరళంగా పలుకుతారు. మాట మొదట వచ్చినప్పుడే చిక్కు. అందుకే తమిళ లిపిలో అచ్చయ్యే సంగీత గ్రంథాలలో తెలుగు కృతులకు అక్షరం మీద 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. ‘ప’ మీద 3 వేస్తే ‘బ’ అని గుర్తు. పిల్లలు గబగబా ఎత్తి రాసుకొనేటప్పుడు ఆ అంకెలు రాలిపోతాయి. అంకె రాలితే బంగారం పంగారమవుతుంది, గోపాలుడు కోపాలుడవుతాడు.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. దేవనాగరిలోనూ ఒడియా లిపిలోనూ మన హ్రస్వ ఎకార, ఒకారాలకు వేరుగా అక్షరాలు లేవు. ఆ లిపిలో రాసుకొన్న బరంపురం పిల్లకు, షోలాపూరు పిల్లవాడికి ‘మెడ’కూ ‘మేడ’కూ, ‘కొన’కూ ‘కోన’కూ తేడా కాగితం మీద కనిపించదు. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు కనుక కోలారు, బళ్ళారి పిల్లలు తెలుగు పాటను ఆ లిపిలో చెడకుండానే రాసుకోగలరు. అయితే అక్కడ ముప్పు మరొక రూపంలో వస్తుంది: తెలుగు లిపి లేకున్నా జరిగిపోతోంది కదా అని లిపిని వదిలేస్తారు, లిపితో పాటే పుస్తకాన్నీ వదిలేస్తారు.

“మాట బంగారమవడం అంటే ఏమిటమ్మా?” అని పిల్లను అడిగాను. “నగ చేయించారేమో తాతా” అంది. నవ్వు రాలేదు. మాట్లాడమని ఎంత వేడుకొన్నా మాట్లాడనివాణ్ణి ‘నీ మాట బంగారమా?’ అంటామని చెప్పాను. అది విని ఆమె ఊరకే ఉండిపోయింది. కాసేపటికి, “మరి నాకు తెలుగు రాయడం ఎందుకు నేర్పలేదు?” అని అడిగింది.

జవాబు చెప్పడానికి నాకు నోరు రాలేదు. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యసన చట్టం చేసింది. 2006–07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతికి పాకి, 2015–16 నాటికి పదవ తరగతి చేరింది. మొదటి భాషగా తమిళం తప్పనిసరి కావడంతో, తెలుగును మొదటి భాషగా చదువుతున్న అల్పసంఖ్యాక పిల్లలు ఇరుకున పడ్డారు. మినహాయింపుల కోసం న్యాయస్థానాల మెట్లెక్కాం. ఆ పోరాటంలో నేనూ అర్జీలు రాశాను, వేదికలెక్కాను. కానీ నిజం చెప్పాలి. నా కొడుకును తెలుగు మాధ్యమంలో వేయకుండా ఆపింది ఏ చట్టమూ కాదు. చట్టం రావడానికి చాలా ఏళ్ళ ముందే, ఉద్యోగం రాదేమోనన్న భయంతో నేనే వేయలేదు. ఊరి పిల్లలకు అక్షరాలు దిద్దించిన పంతులు సొంత ఇంట్లో పలక పట్టలేదు. కొడుకు తెలుగు మాట్లాడగలడు, చదవలేడు. మనుమరాలికి చదవడం నేర్పవలసిన తండ్రికే చదువు రాదు. ఒక తరంలో భాష ఎలా జారిపోతుందో చెప్పడానికి నేను వేరే ఊరి ఉదాహరణ వెదకనక్కరలేదు.

రాజ్యాంగం 350–ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాష్ట్రాలకు చెబుతోంది. ఆ హక్కు కోసం అడుగుతూనే ఉందాం. తెలుగుకు ప్రాచీన భాష హోదా 2008లో వచ్చింది. దాని ఫలం సరిహద్దు దాటి మన బడులకూ చేరాలని అడుగుదాం. అయితే ప్రభుత్వం ఇచ్చేదాకా ఇంట్లో దీపం వెలిగించకుండా కూర్చోనక్కరలేదు. ఈ సభ ముందు మూడు మనవులు చేస్తున్నాను.

మొదటిది. మీ అటకల మీద కూడా ఇలాంటి పెట్టెలుంటాయి. టేపు కలకాలం నిలిచేది కాదు. తేమకు బూజు పడుతుంది, అంటుకొని తెగుతుంది. వాటిని కంప్యూటరులోకి ఎక్కించగల కుర్రవాళ్ళు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఎక్కించేటప్పుడు ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం, ఎవరు పట్టినదో తెలిసినంత వరకు తెలుగులో రాసి పెట్టండి. పేరులేని క్యాసెట్టు పదేళ్ళకు అనాథ అవుతుంది.

రెండవది. పిల్లలు సంగీతం నేర్చుకొనే ఇళ్ళలో ప్రతి పాటను తెలుగు లిపిలో ఒక పుట రాసి, ఎదుటి పుటలో అర్థం రాయించండి. నేర్పేవారు తమిళులైనా కన్నడిగులైనా దీనికి అడ్డు చెప్పరు. నేను అడిగినవారందరూ సంతోషించారు. పాటలోని మాటకు అర్థం తెలియాలని వారికీ ఉంటుంది.

మూడవది. వారానికి ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చొని ఒక పాట వినండి. ఒకటి చాలు. పెద్దవారు ఒక్కొక్క మాటా విడదీసి చెప్పండి. పిల్లలు ఆ మాటలను రాయాలి. యాభై రెండు వారాలలో యాభై రెండు పాటలు. అక్షరమాల మొత్తం అందులోకి వచ్చేస్తుంది. గుణింతం బట్టీ పట్టడం కంటె ఇది తేలిక అని పంతులుగా పూచీ ఇస్తున్నాను.

నేను అదే చేశాను. శెలవులు ముగిసేనాటికి మనుమరాలు వత్తులు తడబడుతూనే ఆ కీర్తనను తన చేత్తో తెలుగులో రాసింది. ‘బ’ రాసేటప్పుడు తలకట్టు పెట్టకూడదంటే ఎందుకని అడిగింది. ఆ అక్షరం అంతేనమ్మా అన్నాను. రాసినదాన్ని చూసి పాడింది. ఈసారి బంగారం బంగారంగానే పలికింది. పక్క గదిలో ఉన్న నా కొడుకు వచ్చి ఆ కాగితం చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. తర్వాత కూతురి పక్కన కూర్చొని, “మొదటి అక్షరం ఏదమ్మా?” అని అడిగాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరు విద్యార్థులు. మీ ఇళ్ళలోనూ ఉండాలని కోరుకొంటున్నాను.